మీకు తెలుసా? గాజు లేని గొట్టంతో సూరత్ జరీని చూస్తే...

ఎక్స్‌టెన్షన్ ట్యూబులో గాజు ముక్క ఒక్కటి కూడా ఉండదు, తెలుసా? అటు నుంచి చూస్తే ఇటు కనిపించే ఉత్త గొట్టం అది. ఒక కొన కెమెరాకు బిగుస్తుంది. రెండో కొనకు మన దగ్గర ముందే ఉన్న లెన్సు తగులుతుంది. లోపల వెలుతురు చెల్లాచెదురు కాకుండా నల్లపూత వేస్తారు, అంతే. ఇంత సాదా వస్తువు తగిలించగానే, నిన్నటిదాకా మూరెడు దూరంలో ఆగిపోయిన లెన్సు చీమ మీసాల దాకా వెళ్లగలుగుతుంది. మంచి మాక్రో లెన్సుకు పదుల వేలు పెట్టాలి. మామూలు గొట్టాల సెట్టు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది.

కెమెరా ఉండీ, దగ్గరి ఫొటోల మీద మనసుండీ, లెన్సు ధర చూసి వెనక్కి తగ్గినవాళ్లు చాలామంది. ఈసారి ముచ్చట్లు వాళ్ల కోసం. ఇందుకు సూరత్‌ను ఎంచుకోవడానికి కారణముంది. ఆ ఊరికి పేరు తెచ్చిన వజ్రం, జరీ, బట్ట మూడింటి నాణ్యతా మిల్లీమీటరులో ఎన్నో వంతు దగ్గర తేలుతుంది. ఆ మూడింటిలో మన తెలుగువాళ్ల చేతులకు బాగా దగ్గరైనవి జరీ, బట్ట.

దూరం జరిగితే దగ్గరవుతుంది

వస్తువు లెన్సుకు ఎంత దగ్గరికొస్తే, దాని బొమ్మ లెన్సు వెనక అంత దూరాన పడుతుంది. పదో తరగతిలో కటక సూత్రం లెక్కలు చేసినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. ఆ బొమ్మ సెన్సర్ మీదే పడాలంటే లెన్సు ముందుకు జరగాలి. సాదా లెన్సులో ఫోకస్ రింగు తిప్పినప్పుడు జరిగే పని ఇదే. అయితే రింగు కొన్ని మిల్లీమీటర్ల తరవాత ఆగిపోతుంది. గొట్టం అక్కడి నుంచి అందుకుని లెన్సును ఇంకాస్త ముందుకు నెడుతుంది. అద్దాలు మారలేదు, మారింది దూరం ఒక్కటే.

లెక్క నోటితో చేసుకునేంత తేలిక. గొట్టం పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. గొట్టం పెడితే బొమ్మ అసలు సైజులో సగం. 50 మి.మీ. గొట్టం పెడితే వస్తువు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మా అంతే. దీన్నే ఒకటికి ఒకటి అంటారు. ఫోకస్ రింగు అనంతం దగ్గర ఉన్నప్పటి లెక్క ఇది. రింగును దగ్గరికి తిప్పితే లెన్సుకు సొంతంగా ఉన్న బలం కూడా తోడవుతుంది. కెనాన్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్సు తనంతట తాను 0.21 వంతు చూపిస్తుంది. 25 మి.మీ. గొట్టం చేరితే 0.7 దాటుతుంది. బజార్లో తరచుగా కనిపించే సెట్లలో 12, 20, 36 మి.మీ. గొట్టాలు మూడుంటాయి. మూడూ కలిపి బిగిస్తే 68 మి.మీ. 50 లెన్సు మీద అది 1.36 రెట్లు.

మరి ఒకటికి ఒకటి అంటే కంటికి ఎంత? 2011లో వచ్చిన రకం రూపాయి బిళ్ల ఒకటి తీసి చూడండి, దాని వ్యాసం దాదాపు 22 మి.మీ. చాలామంది వాడే ఏపీఎస్-సి కెమెరా సెన్సర్ వెడల్పు కూడా 22 నుంచి 24 మి.మీ. అంటే రూపాయి ఫొటో ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుంటుంది, పైనా కిందా తెగిపోతుంది కూడా. ఆ ఫొటోను 15 అంగుళాల ల్యాప్‌టాప్ తెర నిండా తెరిస్తే రూపాయి అడుగు వెడల్పుకు మించి కనిపిస్తుంది. సుమారు పదిహేను రెట్లన్నమాట. వజ్రాల వ్యాపారి కంటికి ఆనించుకునే లూప్ పది రెట్లే చూపిస్తుంది.

లెన్సు పొడుగయ్యే కొద్దీ గొట్టం బలం తగ్గుతుందని కూడా ఈ భాగాహారమే చెబుతోంది. 200 మి.మీ. టెలీ లెన్సుకు అదే 25 మి.మీ. గొట్టం పెడితే కలిసొచ్చేది ఎనిమిదో వంతే. మరీ పొట్టి లెన్సుదీ ఇబ్బందే. 18 మి.మీ. దగ్గర పెట్టిన కిట్ లెన్సుకు 20 మి.మీ. గొట్టం తగిలిస్తే, ఫోకస్ కుదిరే చోటు లెన్సు ముందు గాజుకు తగిలేంత దగ్గరికో, లోపలికో పోతుంది. వస్తువును అక్కడ పెట్టలేం. కిట్ లెన్సుంటే 55 మి.మీ. కొసకు తిప్పి వాడండి. నా మాట అడిగితే 50 మి.మీ. ప్రైమ్ లెన్సును మించిన జోడు ఈ గొట్టానికి లేదు.

గీకకుండానే జరీ గుట్టు

వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాల కిందటే సూరత్ చేరాయి. అక్కడి సాంచాల (మరమగ్గాల) మీద బట్ట నేసి బతుకుతున్నాయి. లింబాయత్ చుట్టుపక్కల వీధుల్లో తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే ఆ ఊళ్లో మనవాళ్ల వేళ్లు ఎంత లోతుగా దిగాయో తెలుస్తుంది.

ఇటు మన ఊళ్లకు సూరత్ నుంచి వచ్చేది జరీ. కంచి, బెనారస్ మగ్గాలకే కాదు, మన ధర్మవరం, గద్వాల మగ్గాలకు కూడా ఆ ఊరి జరీ అందుతుంది. సూరత్ జరీకి జీఐ గుర్తింపు కూడా ఉంది. మన పెళ్లిపట్టు అంచులో మెరిసే పోగు ఎలా తయారైందో మామూలు కంటికి ఎన్నటికీ తెలియదు. అక్కడ గొట్టం పని మొదలవుతుంది.

అసలు జరీలో ముందు వెండిని తీగగా సాగదీస్తారు. ఆ సన్నటి తీగను చదును చేసి రిబ్బనులా మారుస్తారు. దాన్ని బాద్లా అంటారు. ఆ బాద్లాను పట్టు పోగు చుట్టూ మెలిపెట్టి చుడతారు. దాని మీద బంగారు పూత పడుతుంది. ఇమిటేషన్ జరీలో వెండి తీగ బదులు వెండి పూత పూసిన రాగి తీగ ఉంటుంది. ప్లాస్టిక్ జరీలో తీగే ఉండదు. లోహపు పూత వేసిన పాలియెస్టర్ ఫిల్మును సన్నగా చీల్చి వాడతారు.

పాత పట్టుచీర అంచును కిటికీ వెలుతురులో పరిచి, 50 లెన్సుకు 50 మి.మీ. గొట్టాలు బిగించి చూడండి. పోగు ఒక్క గీతలా కనిపించదు. చదునైన బాద్లా చుట్లు ఒకదాని పక్కన ఒకటి ఏటవాలుగా నడుస్తాయి. నేతలో పోగు వంగిన చోట ఆ చుట్లు కాస్త ఎడం అవుతాయి, ఆ సందులోంచి లోపలి పోగు రంగు తొంగి చూస్తుంది. కంచి పట్టులో వాడే అసలు జరీకి లోపలి పట్టు ఎర్రగా ఉంటుంది. అందుకే మన ఇళ్లలో పెద్దవాళ్లు జరీని గోటితో గీకి ఎరుపు కనిపిస్తే అసలుదని నమ్ముతారు. గీకితే ఆ మేరకు జరీ పోయినట్టే. ఫొటోకు గీకే పని లేదు. చీర వెనకవైపు తిప్పి, జరీ పోగు తెగి ముగిసిన కొసను వెతకండి. అక్కడ లోపలి పట్టు, పై చుట్టు విడివిడిగా కనిపిస్తాయి. వెండి గాలిలోని గంధకంతో కలిసి నల్లబడిన చుక్కలుంటే అవి కూడా పడతాయి. లోహం ఎంత పాళ్లలో ఉందో ఫొటో చెప్పదు, దానికి పరీక్షశాలే దిక్కు. పోగు ఎలా కట్టారో మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

బట్టను ఇలా దగ్గరగా చూడటం కొత్త పిచ్చి కాదు. రాబర్ట్ హుక్ 1665లో లండన్‌లో ప్రచురించిన ‘మైక్రోగ్రాఫియా’ పేరు చెప్పగానే అందరికీ పేను బొమ్మ, ఈగ కన్ను గుర్తొస్తాయి. ఆ పుస్తకం మొదటి పరిశీలనల్లోనే సన్న నారబట్ట ఉంది, టఫెటా పట్టు ఉంది. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ సూరత్‌లో కోఠీ తెరిచి బట్టలు కొంటూ అప్పటికే అర్ధశతాబ్దం గడిచింది. బ్యాక్టీరియాను మొదటిసారి చూసిన లేవెన్‌హుక్ కూడా డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారే. పోగు నాణ్యత తేల్చుకోవడానికి ఆ కాలపు బట్టల వర్తకులు భూతద్దం దగ్గర ఉంచుకునేవారు. ఈనాటి బట్ట వ్యాపారంలో అంగుళం చట్రమున్న కౌంటింగ్ గ్లాసు అదే పని చేస్తోంది. గొట్టం బిగించిన కెమెరాతో అంగుళం వెడల్పు బట్ట ఒక ఫ్రేములో పట్టాలంటే ఏపీఎస్-సి సెన్సర్ మీద ఒకటికి ఒకటి కన్నా కాస్త తక్కువ చాలు. ఫొటోను తెర మీద తెరిచి పడుగు, పేక పోగులను తాపీగా లెక్కపెట్టుకోవచ్చు. కన్ను అలిసిపోదు, లెక్క తప్పినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు.

57 ముఖాలూ ఒకేసారి దొరకవు

ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో, సంఖ్య లెక్కన, పదింట తొమ్మిది సూరత్ చేతుల మీదుగా వెళ్తాయని చెబుతారు. అక్కడ వజ్రం కోసేవాళ్లను, సానపట్టేవాళ్లను రత్న కళాకారులంటారు. మంచి పేరు అది. 2023 డిసెంబరు 17న ప్రధానమంత్రి ప్రారంభించిన సూరత్ డైమండ్ బోర్స్‌లో నాలుగు వేలకు పైగా ఆఫీసులున్నాయి.

గుండ్రటి బ్రిలియంట్ కోతలో 57 ముఖాలుంటాయి. పైభాగంలో 33, కింది భాగంలో 24. అడుగు మొనను కూడా చిన్న ముఖంగా కోస్తే 58. ఇన్ని ముఖాలూ ఒక క్యారెట్ వజ్రంలో సుమారు 6.5 మి.మీ. వ్యాసంలో ఇమిడిపోవాలి. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సి కెమెరాతో ఒకటికి ఒకటిగా తీస్తే ఆ 6.5 మి.మీ. మీద 1,600కు పైగా పిక్సెళ్లు పడతాయి. ముఖాల అంచులు గీత గీసినట్టు కనబడటానికి అది ధారాళంగా సరిపోతుంది.

చిక్కు ఇంకోచోట ఉంది. ఒకటికి ఒకటి దగ్గర ఎఫ్/8 పెట్టినా ఫోకస్‌లో ఉండే లోతు మిల్లీమీటరు కన్నా తక్కువ. ఏపీఎస్-సి లెక్కలో 0.6 మి.మీ. చుట్టుపక్కల. ఒక క్యారెట్ వజ్రం పై బల్ల నుంచి అడుగు మొన దాకా దాదాపు 4 మి.మీ. లోతుంటుంది. పైముఖం స్పష్టంగా ఉంటే నడుము మసక, నడుము కుదిరితే పైముఖం మసక. ఎపర్చర్‌ను ఎఫ్/16కు, ఎఫ్/22కు మూసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఈ దూరంలో ఎఫ్/16 అసలు పనితీరు ఎఫ్/32తో సమానం. అంత చిన్న రంధ్రంలోంచి దూరేటప్పుడు వెలుతురు పరుచుకుపోయి మొత్తం ఫొటోనే మెత్తబడుతుంది. ఎఫ్/8కు, ఎఫ్/11కు మధ్య ఆగి, కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పలు ఫొటోలు తీసి, కంప్యూటరులో వాటి స్పష్టమైన భాగాలను ఒక్కటిగా కలపడం మేలు. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. ఉచిత సాఫ్ట్‌వేరుతోనే చేసుకోవచ్చు.

మెరిసే వస్తువుకు మరో ఇబ్బంది, కెమెరా నీడే దానిలో కనబడుతుంది. 50 లెన్సుతో ఒకటికి ఒకటి తీసేటప్పుడు లెన్సు నడుమ నుంచి వస్తువుకు దూరం పది సెంటీమీటర్లే. ఆ నల్లటి లెన్సు ముఖమంతా రాయిలో ప్రతిఫలిస్తుంది. తెల్లకాగితం మధ్యలో లెన్సు పట్టేంత కంత చేసి తొడిగితే చాలావరకు పోతుంది.

నాలుగో వంతు వెలుతురు

గొట్టంలో అద్దాలు లేవు కాబట్టి అది వెలుతురును మింగదని కొందరు అనుకుంటారు. మింగదు, పలచబరుస్తుంది. లెన్సు ముందుకు జరిగే కొద్దీ అదే వెలుతురు ఎక్కువ మేర పరుచుకుంటుంది. ఒకటికి ఒకటి దగ్గర సెన్సర్‌కు చేరేది నాలుగో వంతే, అంటే రెండు స్టాపుల నష్టం. ముందు 1/200 సెకనుకు కుదిరిన ఎక్స్‌పోజరుకు ఇప్పుడు 1/50 కావాలి. కెమెరా మీటరు లెన్సులోంచే చూస్తుంది కాబట్టి ఈ లెక్క అదే సరిచేసుకుంటుంది. చేతి వణుకును మాత్రం సరిచేయలేదు. బొమ్మతో పాటు వణుకూ పెద్దదవుతుంది. అందుకే చీర లాంటి కదలని వస్తువుకు ట్రైపాడ్, సెల్ఫ్ టైమర్ వాడాలి. కదిలే పురుగుకు ఫ్లాష్ తప్పదు. ఫ్లాష్ ముందు తెల్లటి టిష్యూ కాగితం రెండు పొరలు కట్టండి, పురుగు వీపు మీద తెల్లమచ్చ పడదు.

ఇంకో మాట. గొట్టం ఉన్నంతసేపు దూరపు వస్తువు ఫోకస్ కాదు. కెమెరా పాడైందని కంగారు పడనక్కర్లేదు, గొట్టం తీయగానే అంతా మామూలే.

వెయ్యి లోపు గొట్టానికి లొంగే లెన్సు

వెయ్యి లోపు వచ్చే గొట్టాల్లో కరెంటు తీగలేవీ ఉండవు. లెన్సుకూ కెమెరాకూ మాటలుండవు. ఆటో ఫోకస్ పోయిందని బాధ అక్కర్లేదు, ఇంత దగ్గర్లో కెమెరానే ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతూ ఫోకస్ చేసుకోవడం మంచి పద్ధతి. అసలు బాధ ఎపర్చర్‌తో. కెనాన్ ఈఎఫ్ లెన్సుల ఎపర్చర్ కరెంటుతో నడుస్తుంది. కరెంటు అందకపోతే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. దానికో కిటుకుంది. ముందు లెన్సును నేరుగా కెమెరాకు పెట్టి ఎఫ్/8 ఎంచుకోండి. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కిపట్టి, వదలకుండానే లెన్సు ఊడదీయండి. ఎపర్చర్ ఎఫ్/8 దగ్గరే నిలిచిపోతుంది. తరవాత గొట్టానికి తగిలించుకోవచ్చు.

ఎపర్చర్ రింగు ఉన్న పాత లెన్సులకు ఈ తిప్పలేవీ ఉండవు. ఫిల్ము రోజుల్లో నాన్నగారో, మేనమామో వాడి బీరువాలో పెట్టేసిన 50 మి.మీ. లెన్సు ఇంట్లో ఉంటే, దాని మౌంటుకు సరిపోయే గొట్టం, అడాప్టరు చూసుకుంటే చాలు. రింగు తిప్పితే రెక్కలు మూసుకుంటాయి, కెమెరా అనుమతి అక్కర్లేదు. కరెంటు కాంటాక్టులున్న గొట్టాలు కొంత ఖరీదు ఎక్కువైనా సుఖమిస్తాయి. డబ్బు కలిసొస్తే అవే తీసుకోండి.

గొట్టం పేదవాళ్ల సర్దుబాటు మాత్రమే అనుకుంటే అదీ తప్పే. నికాన్ 1956లో తెచ్చిన మొదటి మైక్రో నిక్కర్ లెన్సు మైక్రోఫిల్ము పని కోసం పుట్టింది. గీతల మీద గీతలుండే జపనీస్ అక్షరాలు చిన్న ఫిల్ములో చెదరకుండా పడాలని అంత పదునుగా చేశారు. తరవాతి కాలంలో వచ్చిన 55 మి.మీ. మైక్రో నిక్కర్ సొంతంగా సగం సైజు దాకానే వెళ్లేది. అసలు సైజు కావాలంటే కంపెనీయే 27.5 మి.మీ. గొట్టం ఇచ్చేది. 55లో సరిగ్గా సగం! మనం పైన చేసిన భాగాహారమే.

బాల్కనీలో కరివేపాకు మొక్క

సూరత్‌లో సాంచా, సానరాయి మధ్య నలిగే రోజుల్లో పురుగుల కోసం అడవికి పోయే తీరిక ఎవరికుంటుంది? కానీ తెలుగింటి బాల్కనీలో కరివేపాకు కుండీ ఉండనే ఉంటుంది. నిమ్మజాతి చెట్ల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు కరివేపాకును కూడా వదలవు. లేత ఆకు మీద మిల్లీమీటరు పైచిలుకు గుండ్రటి పసుపు గుడ్డు కనిపిస్తే ఆ ఆకు తుంచకండి. కొన్ని రోజుల్లో బయటికొచ్చే చిన్న గొంగళిపురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. పిట్టలు తినకుండా అది వేసుకున్న వేషం. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. గుడ్డు మొదలు రెక్కలు విప్పే దాకా ఒకే కుండీలో, ఒకే గొట్టంతో తీసుకోవచ్చు. గాలికి ఆకు ఊగకుండా తెల్లవారగానే తీయండి.

మొబైలుకు ఈ గొట్టాలు పట్టవు, దాని లెన్సు ఊడిరాదు కదా. ఫోనుకైతే క్లిప్పు మాక్రో లెన్సు పెట్టుకోవాలి. దానిలో గాజు ఉంటుంది, ఆ గాజు నాణ్యతను బట్టే ఫొటో.

సూరత్‌లో ఉన్న తెలుగు కుటుంబాలను ఒకటి కోరాలనుంది. మీరు నేసిన బట్ట, మీ ఊళ్లో చుట్టిన జరీ, మీ అమ్మమ్మల పెట్టెల్లో మిగిలిన వెండి జరీ చీరలు, ఇవన్నీ దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. ఇమిటేషన్, ప్లాస్టిక్ జరీలు వచ్చాక అసలు జరీ వాడకం బాగా తగ్గిపోయింది. ఉన్నవి చిరిగిపోక ముందే పని మొదలుపెట్టాలి. ఫొటో తీసేటప్పుడు అంచు పక్కన మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు పెట్టండి. చీర ఎప్పటిది, ఏ ఊరి నేత అన్నది ఫైలు పేరులోనే రాసుకోండి. స్కేలు ఉన్న ఫొటోలో పోగు మందాన్ని ఎన్నేళ్ల తరవాతైనా కొలవచ్చు.